తొంభై ఎనిమిది

నూట మూడు.
మీటరు మా వైపు తిప్పి చూపించాడు పిండర్,
తప్పు తనే చేసినట్టు.
గొట్టం మూతికి అర మీటరు దూరం,
నలభై ఐదు డిగ్రీల వాలు,
మోకాళ్ల మీద కూర్చుని మరీ టేపు పట్టాడు పాపం.
తొంభై ఎనిమిది దాటితే
ట్రాక్ మీదికి వదలరు.

లౌత్ పక్కన పాత విమానాల మైదానం ఇది.
ఒకప్పుడు బాంబర్లు లేచిన కాంక్రీటు మీద
ఆదివారాలు మేం గుండ్రంగా తిరుగుతాం.
కంచె అవతల కొత్త ఇళ్లు,
కొత్త కిటికీలు,
కిటికీల వెనక అర్జీలు రాసే చేతులు.
ఊరి మధ్య పారే ఏటి పేరు లడ్.
పాత మాటలో దానికి అర్థం
గోల పెట్టేది అట, హెస్టర్ చెప్పింది.
ఏటికెవరూ మీటరు పెట్టలేదు.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గాని
ఊరి నోటికి పెట్టలేమంటారు మనవాళ్లు.
ఇక్కడ ఊరే మూకుడు పట్టుకొచ్చింది.
సరే, పెడదాం.

రివెట్లు పద్నాలుగు.
ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి డబ్బా విప్పితే
లోపలి దూది ఎప్పుడో కాలిపోయింది.
గుప్పెడు మసి, కొంచెం తుప్పు,
ఒక మూల మాత్రం
పెనానికి అంటుకుపోయిన అట్టులాంటి ముద్ద.
ఇన్నాళ్లూ మేం సైలెన్సర్ అనుకున్నది
ఒట్టి బాకా.

కొత్త గాజుదూది చూడ్డానికి పీచుమిఠాయి,
తగిలితే దురదగొండి.
చిల్లుల గొట్టం చుట్టూ తిప్పి తిప్పి
బొంతలో పాతబట్టలు కూరినట్టు కూరాం.
హెస్టర్ పట్టుకుంటే నేను,
నేను పట్టుకుంటే హెస్టర్,
మోచేతుల దాకా దద్దుర్లు.
పెదవి దాటితే పృథివి దాటుతుంది
అన్నాను, గొట్టం అంచు తుడుస్తూ.
ఏమన్నావంది.
తెలిసిన మేరకు చెప్పాను.
మా అమ్మ నాకు ఇదే చెప్పి ఓడిపోయిందిలే, అంది.

నూట ఒకటి.

వెనక ఇంకో చిన్న డబ్బా బిగించి
మూతి నేలకి వంచాం.
తొంభై తొమ్మిదిన్నర.

మూడు తగ్గితే మోత సగమైనట్టు లెక్క.
లెక్కకి తెలిసిన సగం చెవికి తెలియదు.
పిండర్ చెవికి అసలే తెలియదు.
ముప్పై ఏళ్లు ఇక్కడే కారు తోలాడు,
ఇప్పుడు రెండు చెవుల్లోనూ మిషన్లు,
అంకె చూస్తే గాని గోల ఎంతో చెప్పలేడు.

అతుకు దగ్గర అరచెయ్యి పెట్టి వెతికాను.
వెంట్రుకంత సందు,
వేడిగా ఊదుతోంది వేలి మీద.
పేస్టు పూసి, క్లిప్పు బిగించి,
ఇంజను మళ్లీ అందుకుంటే

తొంభై ఏడు.

పచ్చ స్టిక్కరు అద్దానికి అంటించాడు.
హెస్టర్ హెల్మెట్ పెట్టుకుంది.
లంచి గంట, ట్రాక్ ఖాళీ.
మా ఎస్కార్ట్ ఒక్కటే నెమ్మదిగా తిరుగుతోంది,
లైబ్రరీలో దగ్గు ఆపుకుంటున్నట్టు.

అప్పుడు విన్నాం.

టక్.

ఏమీ లేదనుకున్నాం.

టక్. టక్.
కిందెక్కడో, మూడో సిలిండరు దగ్గర,
తలుపు కొట్టడానికి మొహమాటపడే మనిషిలా.

బేరింగు.
ఎన్నాళ్ల నించి కొడుతోందో.
జూన్‌లో మేం కప్పు గెలిచిన రోజు కూడా కొట్టే ఉంటుంది.
ఆ అరుపు మాదేననీ, బలమనీ మురిసిపోతుంటే
దాని కింద ఇది
చెబుతూనే ఉండి ఉంటుంది.
ఇంకో పది చుట్లు తిరిగితే
ఇంజను పొట్ట చీల్చుకుని రాడ్డు బయటపడేది.

హెస్టర్ స్విచ్చి ఆపింది.
హెల్మెట్ తియ్యలేదు చాలాసేపు.
పాసయ్యారుగా, ఏమైంది, అని పిండర్.
అతనికి వినపడలేదు మరి.
చెయ్యి పట్టి తీసుకెళ్లి బానెట్ మీద పెట్టి
వేళ్లతో కొట్టి చూపించాను:
ఇలా.
తల ఊపాడు. స్టిక్కరు మాత్రం
పీకలేదు.

ట్రైలరు వెనక్కి తీసుకురావడానికి వెళ్లింది హెస్టర్.
స్టాండు మీద మీటరు ఆపడం మర్చిపోయారెవరో.
యాభై ఒకటి, నలభై తొమ్మిది,
గాలి, ఎవరిదో ఫ్లాస్కు మూత,
యాభై రెండు,
నేను చేతులు గోక్కుంటున్నాను.