ఇరవై నాలుగు గంటల సీసా

డండీ ఆసుపత్రి నేలమాళిగలో
ఈ రోజు పాత అలమర ఖాళీ చేస్తున్నాం.
గాజు గరాటాలు, విరిగిన ఫ్లాస్కుల మెడలు,
మూతలు పోయిన గోధుమరంగు సీసాలు.
అన్నిటికన్నా అడుగున
ఊనా కినేయర్డ్ దస్తూరీతో ఆరు లెడ్జర్లు.

నేను చేరిన ఏడాదే ఆవిడ రిటైరైంది.
మూడు నెలలు పక్కపక్కన కూర్చున్నాం.
పిపెట్‌ని నోటితో పీల్చిన తరం,
పెదవుల్ని ఊరికే కదిపేది కాదు.

ఒక్కసారి, టీ చల్లారుతుండగా చెప్పింది:
"నాకు పని నేర్పినాయనకి కొలబద్ద కోడిపుంజు.
విత్తులు తీసేస్తే తురాయి ముడుచుకుపోతుంది కదా,
దాని మీద రోజూ ఒక నూనెచుక్క.
ఎన్ని మిల్లీమీటర్లు మళ్లీ ఎర్రగా లేచిందో
కాగితం మీద నీడ గీసి కొలిచేవాడు.
ఇంకా ముందు, బెర్లిన్‌లో,
పోలీసుల మూత్రం పదిహేను వేల లీటర్లు మరిగిస్తే
మిగిలింది గోటి మీద పట్టేంత పొడి."
కాసేపాగి,
"ఆ పుంజులకి పేర్లుండేవి" అంది.
పేర్లు మాత్రం చెప్పలేదు.

ఊనా వంతుకి వచ్చింది రంగు.
ఒక పగలూ ఒక రాత్రీ
చుక్క వదలకుండా పట్టిన గర్భిణుల మూత్రం.
జనపనార మిల్లు ఆడవాళ్లు
సీసాని వార్తాపత్రికలో చుట్టి
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు,
కుదుపులకి రెండు చేతులూ అడ్డంపెట్టి.

ఆసిడ్ పోసి మరిగించాలి.
ఈథర్‌లోకి దించాలి.
మళ్లీ ఆసిడ్, మళ్లీ వేడి.
అప్పుడు, అన్నీ కుదిరితే, గులాబీ.
గులాబీ ముదురుతుంటే లోపల బిడ్డ క్షేమం,
పాలిపోతుంటే పై అంతస్తుకి ఫోను.

మార్చి, పంతొమ్మిది వందల అరవై ఒకటి.
ఎల్స్‌పెత్ రాట్రే. నూలు వడికే పని. ముప్ఫై మూడో వారం.
సోమవారం పదకొండు.
బుధవారం ఎనిమిది.
శుక్రవారం ఆరు.
ఎర్రసిరాతో: ఫోన్ చేశాను.
ఆ తర్వాత వరుస ఖాళీ.

అంచున వేరే సిరా, ఎన్నేళ్లకి రాసిందో:
చక్కెర?

ఆసిడ్‌లో ఉడికేటప్పుడు
మూత్రంలోని చక్కెర హార్మోన్‌ని తినేస్తుందని
అప్పటికి ఈ గదిలో ఎవరికీ తెలియదు.
బిడ్డకి ఏమీ కాలేదేమో,
పాలిపోయింది గులాబీ ఒక్కటేనేమో.
తొందరపడి బయటికి తీసిన ఆ బిడ్డ ఏమైందో
ఎంత తిప్పినా దొరకలేదు.
లెడ్జర్లు బిడ్డల సంగతి రాయవు.

తర్వాతి పేజీల్లో మాత్రం
షుగరున్న ప్రతి పేరు పక్కన రెండు అంకెలు.
ఒకటి ఉన్నదున్నట్టు,
ఒకటి పదింతలు నీళ్లు కలిపి.
రెండోదే ఎప్పుడూ పెద్దది.
ఎవరూ అడగని పని, జీతంలో లేని పని,
దీపాలు పెట్టాక ఒక్కతే చేసుకున్న పని.

డెబ్బైల్లో కుందేళ్లు వచ్చాయి, ఆపైన గొర్రెలు.
వాటి నెత్తురికి ఆనవాలు పట్టడం నేర్పారు.
ట్రిటియం, బొగ్గుపొడి,
రాత్రంతా లెక్కపెట్టే యంత్రం.
మరిగించడం తప్పింది, చెంచాడు రక్తం చాలు.
అయినా గొర్రె నెత్తురూ పొరబడేది,
సందెచీకట్లో అన్నని చూసి
తమ్ముడి పేరు పిలిచినట్టు.

ఇప్పుడు నా యంత్రం
ఒక్కో అణువునీ తూచి, విరగ్గొట్టి,
ముక్కల్ని మళ్లీ తూస్తుంది.
ఇది పొరబడదని అమ్మినవాడు రాసిచ్చాడు.
పుంజుని నమ్మినవాళ్లకీ
ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

చెత్తబండి కింద ఆగి ఉంది.
ఐదు లెడ్జర్లు ఇచ్చేశాను.

మా తెరకి అంచు లేదు.
రిమార్కులని ఒక గడి ఉంది, ఇరవై అక్షరాలు పడతాయి.
మధ్యాహ్నం వచ్చిన ఒక అంకె నాకెందుకో నచ్చలేదు,
కారణం అడిగితే చెప్పలేను.
అందరూ వెళ్లాక
కొంచెం నీళ్లు కలిపి మళ్లీ పెట్టాను.