పెదవి పేలిన వారం

గ్లాస్గోలో ఫిబ్రవరికి ఒకటే రంగు,
తడిసిన పలక రంగు.
మూడో అంతస్తులో ఇన్‌క్యుబేటర్ మాత్రం
ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర
ఎవరి ఒంట్లోనో ఉన్నంత వెచ్చగా ఉంటుంది.

గిన్నెల్లోంచి ద్రవం వంచేసి
ఊదారంగు పోసి, కడిగి, బోర్లించి
నేను లెక్కపెడతాను.
కణాల దుప్పటికి ఎక్కడ చిల్లు పడితే
అక్కడ ఒక వైరస్ గెలిచినట్టు.
పదిహేడేళ్లుగా నాకు జీతం
ఆ చిల్లులు లెక్కపెట్టినందుకే.

అది తెచ్చుకునేది ఎంతని?
పెట్టెలో మడిచిన ఓ దారం,
ఎనభై వంటకాల చీటీ, అంతే.
పొయ్యి మనది, పిండి మనది,
గుమ్మం నుంచి మోసుకుపోయే కూలీ కూడా
మన డైనీనే.
గుమ్మంలో నిలబడ్డ నెక్టిన్
పక్క కణం చెయ్యి పట్టుకోవడానికి పుట్టింది.
అందిన చెయ్యి ఎవరిదో చూసుకోదు.
ద్రోహి, అన్నాడు కొత్తగా చేరిన ఫెర్గస్.
కాదు నాయనా అన్నాను,
చెయ్యి చాపడం దాని పని.

కేంద్రకంలో కథ వేరు.
పి.ఎం.ఎల్. అనే ప్రోటీన్
చుక్కలు చుక్కలుగా అక్కడ కాపు కాస్తుంది.
దారం లోపలికి జారిందో లేదో
చుట్టూ మూగుతాయి చుక్కలు,
సూక్ష్మదర్శినిలో ఆకుపచ్చగా,
లాంతర్లతో దొంగను చుట్టేసిన వీధి జనంలా.
చీటీ చదవనివ్వవు.
కాసేపే.
ఈలోగా వైరస్ తొలి వంట పూర్తవుతుంది,
ఐ.సి.పి. సున్నా, దాని కత్తి.
అది లాంతరు లాంతరుకీ చావుచీటీ అంటిస్తుంది.
చీటీ పడ్డవాటిని నలగ్గొట్టే మిల్లు
అదీ మన కణానిదే.
ఆకుపచ్చ ఆరిపోతుంది.

ఈ వారం మా ప్రశ్న:
ఆ కావలివాణ్ణి మేమే ముందు తీసేస్తే?
తీశాం.
మామూలు వైరస్ పోశాం. నూట పదకొండు చిల్లులు.
కావలి ఉన్న గిన్నెలో నూట తొమ్మిది.
ఫెర్గస్ మొహం చూడాలి అప్పుడు.
మూణ్ణెల్ల చాకిరీ,
ఉన్నా లేనట్టే ఉన్న కాపలాదారు కోసమా?

తర్వాతి గిన్నెల్లో కత్తి లేని వైరస్,
ఐ.సి.పి. సున్నా కోసేసిన మొండిది.
కావలి ఉన్నచోట నాలుగు.
లేనిచోట ముప్ఫై ఒకటి.
మళ్లీ లెక్కపెట్టాను.
ముప్ఫై ఒకటే.

అంటే వాడు మొన్నా పోరాడాడు, అటుమొన్నా.
దొంగ చేతిలో కత్తి ఉన్నన్నాళ్లూ
ఆ పోరాటం
మా ఏ లెక్కలోనూ పడలేదు.

ఆ సాయంత్రమే నా పెదవి పేలింది.
ఎడమ మూల, ఎప్పుడూ అక్కడే,
ముందు చురచుర, ఆపైన నీటిపొక్కు.
ఫ్రేజర్‌బరో రేవులో హెరింగ్ చేపలు కోసిన
ఎఫీ పెద్దమ్మ
మూడేళ్ల నాకు ఉప్పు పెదవులతో పెట్టిన ముద్దు అది.
ఆమె మొహం గుర్తులేదు.
ఉన్నది ఒకటే ఫోటో, అందులో వీపు తిప్పి నిలబడింది.
ఆమె వైరస్ మాత్రం నా దవడ వెనక నరాల ముడిలో
యాభై ఏళ్లుగా మడత విప్పని ఉత్తరం.
నిద్ర చాలని వారాల్లో
హెచ్.సి.ఎఫ్. లాంటి పనిమంతురాలెవరో
తన పని మీద కేంద్రకంలోకి పోతూ
దారిలో కనబడ్డ ఆ మడత కూడా విప్పుతుందనుకుంటాను.

ఇంటిదొంగ సంగతి సరే.
తలుపు తీసినవాడూ, తలుపు మూసినవాడూ
ఒకే ఇంటి బిడ్డలైతే
ఎవర్ని కట్టేస్తావు?

నమూనా ఇస్తావా అని ఫెర్గస్ దూదిపుల్ల చూపించాడు.
నవ్వబోతే పొక్కు చిట్లింది.

మేరీహిల్ బస్సు దిగేసరికి
మేనకోడలి పిల్ల మిరెన్, రెండేళ్లది,
మూతి ముందుకు చాచి పరిగెత్తుకొచ్చింది.
ఈ వారం ముద్దుల్లేవన్నాను.
ఏడుపు మొదలెట్టింది.
వంగి, చెవులదాకా దించిన దాని టోపీ మీద
గట్టిగా ఒకటి పెట్టాను.

ఉన్నికి నెక్టిన్ ఉండదు.