నీటి మీది రాత

హార్లోస్ ఫెర్రీ కౌన్సిల్ ఆఫీసు వెనకగదిలో
నాకిచ్చిన పని చిన్నదే.
పాత ఏటి లెక్కల పుస్తకాలు తెరిచి
అడుగులూ అంగుళాలూ మీటర్లుగా మార్చి
కంప్యూటర్లో ఎక్కించడం. గంటకింత అని కూలి.

ముర్రే నది ఎత్తు, పొద్దున తొమ్మిదింటికి.
రోజుకో వరస. వరస చివర సంతకం: జె. ట్రెగేర్.
జె అంటే జాబెజ్. పోస్టుమాస్టరు.
హాల్లో గోడమీద ఉన్నాడు, గడ్డంతో, గొలుసు గడియారంతో.
కింద ఇత్తడి రేకు: "మన నదిని చదివినవాడు".

మూడో పుస్తకంలో ఉండగా
టీ గ్లాసు పట్టుకుని శ్మశానం వైపు నడిచాను,
ఈ ఊళ్ళో నీడ అక్కడే ఉంటుంది గనక.
జాబెజ్ ట్రెగేర్, మార్చి 1896.
పొద్దున నేనెక్కించినవి 1899 లెక్కలు.

చచ్చిపోయిన మనిషి మూడేళ్ళుగా
రోజూ తొమ్మిదింటికి ఒడ్డు దిగుతున్నాడు!

వెనక్కొచ్చి పుటలు తిప్పాను.
ఆ మార్చికి ముందు ఏడంకె చూడు, తర్వాతి ఏడంకె చూడు,
అదే కొరడా తోక, నడుముకి అదే అడ్డగీత.
ఆయన పోకముందూ రాసింది ఆయన కాదు.
పూడ్చిన రోజున కూడా వరస ఉంది:
సరిగ్గా ఏడడుగులు.
ఆ మాటకి నా భాషలో ఇంకో అర్థం ఉందని
ఆమెకి తెలీదు.
మీటర్లలోకి మారిస్తే రెండు పాయింట్ ఒకటి మూడు.
ఆ అర్థం అందులోకి రాలేదు.

థామసిన్.
పేరు దొరకడానికి ఇంకో వారం పట్టింది.
చర్చి చిట్టాలో, ఐదుగురు పిల్లల పక్కన
ఐదుసార్లు, తల్లి అన్న గడిలో.
ఇంటిపేరు ఆయనది.
ఇంటిపనీ ఏటిపనీ ఆమెవి.

1901లో ఇన్‌స్పెక్టరు వచ్చాడు, సంగతి బయటపడింది.
ఆ నెలనుంచి సంతకం: టి. ట్రెగేర్.
నెలాఖరు జీతం గడిలో అంకె కూడా మారింది, సగానికి.
ఆ సగం కింద రెండు గీతలు గీసింది,
కాగితం చిరిగేలా.
ఇన్ని వందల పుటల్లో ఆమె గొంతు
నాకు వినిపించింది అక్కడే.

నీటి మీద రాత అంటారు మావాళ్ళు, నిలవనిదాన్ని.
ఇవాళ్టి వరద మ్యాపులన్నీ ఆ రాత మీదే నిలబడ్డాయి.
రేకు మార్చమని అర్జీ రాసిపెట్టుకున్నాను.

అక్కడితో ఆగితే బావుండేది.

1906 ఆగస్టు, పుట అంచున పెన్సిలుతో:
"చీమలు చెట్లెక్కుతున్నాయి, పెద్ద నీరొస్తుంది
అంటోంది గుడిసెల దగ్గరి నల్లామె."
దిగువకి తంతి ఆ పూటే వెళ్ళింది.
తొమ్మిదో రోజున ఇరవై తొమ్మిదడుగులు.
జనం అప్పటికే మిట్టమీద ఉన్నారు, గొర్రెలతో సహా.

మళ్ళీ 1909లో. మళ్ళీ ఆ మరుసటేడు.
ప్రతిసారీ ఆ నల్లామె. ప్రతిసారీ చెప్పిందే జరిగింది.
పేరు ఒక్కసారీ లేదు.
కాగితం చిరిగేలా గీత గీసిన చేతికి
ఒక పేరు అడగాలని తోచలేదు.

నది ఒడ్డు జనంలో పెద్దామె, ఆంటీ వెరోనా,
నేను చూపించిన పుటకేసి చూసి నవ్వింది.
"ఆమె ఎవరో మాకెప్పుడూ తెలుసు.
తెలియనిది నీ పుస్తకానికి."
పేరు చెప్పింది, మెల్లగా, రెండుసార్లు.
"ఎక్కించకు ఇప్పుడే. మావాళ్ళని అడగాలి."

అర్జీ చించేసి మళ్ళీ రాస్తున్నాను. కుదరడం లేదు.
కంప్యూటర్లో మాత్రం ఒక కొత్త గడి చేర్చాను:
"ఎవరు చెప్పారు".
ఖాళీగా ఉంది.

ఇవాళ ఏరు రెండు పాయింట్ ఒకటి మూడు.
మిషను చెప్పింది.
అయినా వెళ్ళేముందు బయట ఎర్రగమ్ చెట్టు మొదట్లో
వంగి చూశాను.
చీమలు ఇంకా నేలమీదే ఉన్నాయి.