ఏడు పడని కీబోర్డు

తవిటమ్మ అని కొట్టాను.
ఎల్, బి, ఎఫ్, ఒక వేలాడే గీత,
సి, డి, సి.
తెర మీద ఆమె పేరు
పళ్ళు రాలిన దువ్వెనలా పడింది.

పర్లాకిమిడిలో తహసీల్ ఆఫీసుకి ఎదురుగా
ఆరడుగుల రేకు కొట్టు నాది.
మొదటి బస్సు దిగి వచ్చిందామె,
మడమల పగుళ్ళలో ఇంకా ఇటుకపొడి.
పాతపట్నం అవతల బట్టీలో
పదిహేడు వారాల కూలి రావాలి.
అక్కడి ఆఫీసులో ఇచ్చే అర్జీ
తెలుగులోనే ఉండాలన్నారట.

ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కాను.
ఈసారి పేరు ఒడియాలో దిగింది
ప్రతి అక్షరం గొడుగేసుకుని.
అవే మీటలు, అవే వేళ్ళు,
తకి త, మకి మ.
పైకి చదివితే ఆమే పలుకుతుంది,
అయినా ఏరు దాటితే చెల్లదు.
ఆమె తెర వైపు మెడ చాచింది.
"రేసను కార్డులోనా ఇలాగే గుండ్రంగుంటాది.
అక్కడ నన్ను తబిటమ్మ అంతారు."

మళ్ళీ ఆల్ట్, షిఫ్ట్.
గొడుగులు ముడుచుకున్నాయి.
తకీ మకీ తలకట్లు, వికి గుడి,
ట మాత్రం ఎప్పట్లాగే బోడితల.
హమ్మయ్య అనుకున్నాను.

అంకెల దగ్గర బండి ఆగింది.
ఒకటి పడుతోంది, ఏడు పడటం లేదు.
నొక్కాను, ఇంకా గట్టిగా నొక్కాను,
గోరు పెట్టి మీట అంచు లేపి చూశాను.
"ఏడు రావటం లేదమ్మా."
"నాకూ రాట్నేదు పాపా.
బట్టీకాడే అయిపోనాది."
నేనన్నది అంకె సంగతి.
ఆ మాట చెప్పలేదు.

పక్క జిరాక్సు కొట్టులోంచి ప్రఫుల్ల వచ్చాడు.
కీబోర్డుని బోర్లించి
పొలమారిన పిల్లాణ్ణి చరిచినట్టు వీపు మీద చరిచాడు.
రాలాయి:
రెండు మరమరాలు, పిన్ను ముక్క,
నా తలవెంట్రుక, నాదే, నెరిసింది,
ఎవరి పాస్‌పోర్టు ఫొటో నుంచో కత్తిరించిన
సన్నటి తెల్ల అంచు.
ఏడు మీట ఊడదీస్తే
నిరుటి అల్లం టీ, పాకం ముదిరి.
స్పిరిటు దూదితో తుడిచి, ఊది, బిగించాడు.
ఇప్పుడసలు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కొత్తది మూడొందల యాభై," అన్నాడు.
"అంతదాకా పాత కాగితంలోంచి
ఓ ఏడు కాపీ కొట్టి ఇక్కడ అతికించు."
మంచి ఉపాయమే.
ఎవరిదో భూమి రశీదు తెరిచి
అందులో ఏడు వెతుకుతున్నాను.

తవిటమ్మ బల్ల మీద చెయ్యేసింది.
"అంకేలొద్దు పాపా.
మేస్త్రి పుస్తకంల పదేడు రాసినాడు,
నా కళ్ళ ముందరే.
ఇరవయ్యో నాడు సూస్తే
ఒకటి గీకీసి ఏడొక్కటే ఉంచినాడు.
అచ్చరాల్ల రాయి.
అచ్చరాన్ని గీకితే బొక్క పడతాది,
అందరికీ కనిపిస్తాది."

చదువు రాదంది ఇందాక.
నేను పన్నెండేళ్ళుగా టైపు కొడుతున్నాను.

పదిహేడు వారాలు, అని కొట్టాను.
ప, ద, గుడి, హ, ఏత్వం, డ, కొమ్ము.
లెక్కపెడితే ఏడు మీటలు.
ఆమె పేరుకీ అంతే పట్టాయి.
ఇది ఆమెకి చెబితే నవ్వేదేమో,
లైను పెరిగింది, చెప్పలేదు.

ప్రింటు తీశాక కాగితం వేడి మీద
అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.
వేలిముద్ర వేసింది, ఇరవై ఇచ్చింది.
పది వెనక్కిస్తే కొంగున కట్టుకుని
పాతపట్నం ఆటో కోసం పరిగెత్తింది.

మధ్యాహ్నం కుల ధ్రువపత్రాలు చేస్తుంటే
తడి ఆరిందో ఏమో,
ఎవరూ నొక్కకుండానే
ఏడు పడటం మొదలైంది.
ఒకటి, రెండు, వరస, పేజీ నిండా.
చెరిపే మీట నొక్కబోయి ఆగాను.
కరెంటు పోయేదాకా
పడనిచ్చాను.