గడియ

ఫోటోలో కిటికీ ఉంది, కిటికీలో ఎండ ఉంది.
నీమా అడిగింది ఒకటే:
"ఆ ఎండ నిజమేనా, ఒకసారి చూసి చెబుతావా?"

నేనామెకి ఏమీ కాను.
"గది చూడకుండా టోకెన్ పంపకండి" అని
ఇన్‌స్టాలో ఎప్పుడో రాసిన ఒక్క ముక్క
మ్వాంజాలో కూర్చుని చదివిందట.

ఆ ముక్క వెనక నావి ఎనిమిది వేలున్నాయి.
మూడేళ్ళ కిందట పలమనేరు బస్సు దిగి
రెండు బ్యాగులతో ఇంటి నంబరు వెతుక్కుంటూ పోతే
అక్కడ పంచరు షాపు.
షాపతను నా ఫోన్లోని గదిని అటూ ఇటూ తిప్పి చూసి
"ఈ నెల్లో నువ్వు నాలుగోదానివమ్మా" అన్నాడు,
కూర్చోమని టైరు చూపించాడు.

ఆదివారం, హెన్నూరు నుంచి ఆటో.
కిటికీ నిజమే.
ఎండ మాత్రం పక్కవాళ్ళు గోడ లేపకముందుది.
స్నానాలగది గడియ బయట ఉంది, లోపల మేకుల గుర్తులు.
ఓనరు కొడుకు మెట్ల మీదే కూర్చున్నాడు,
నేను దిగేటప్పుడు కూడా జరగలేదు.

రెండో ఇంటి గేటు మీద 'మంజునాథ కృప'.
అన్నీ బాగున్నాయి, ట్యాంకు, తులసి, వేరే మీటరు.
"మీకేనా?"
స్నేహితురాలికి అన్నాను. ఏ దేశమో చెప్పాను.
పెద్దాయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు,
కోపంగా కాదు,
వానొస్తుందేమోనని దండెం మీది బట్టలు తీసినంత మామూలుగా.
"మొన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారమ్మా. మీకైతే చూద్దాం."

నీమా అంటే వాళ్ళ భాషలో కృప అట.
గేటు మీది మాట ఆమెకి చెప్పలేదు నేను.
ఖాళీ లేదని మాత్రం టైపు చేశాను.
"నా దేశం చెప్పావా?" అని వచ్చింది.
చదివానని ఆమెకి తెలిసిపోయింది.
అవసరం లేకపోయినా
ఆటో అతనితో బేరమాడుతూ నిలబడ్డాను.

మూడోది గెద్దలహళ్ళి సందులో, బేకరీ పైన.
ఎండ లేదు. రొట్టె వాసన ఉంది.
తెల్లారి నాలుగింటికే కింద మిషను మొదలవుతుందని
దాచకుండా చెప్పింది రోజ్‌లిన్ ఆంటీ.
అడ్వాన్సు పది నెలలది కాదు, రెండే. రసీదిస్తానంది.
సందులో రాత్రి పదకొండు దాకా వెలుతురుంటుందని
బేకరీ కుర్రాణ్ణి సాక్ష్యం పిలిచింది.
ఏ దేశమని అడగలేదా అంటే, అడిగింది:
"అక్కడ చలా, ఉక్కా? పిల్లకి కంబళి కావాలా?"

ఆంటీని బయట ఉండమని తలుపు మూశాను.
గడియ పెట్టాను. భుజంతో తోశాను.
నా బరువు యాభై రెండు.
ఇంకెవరి బరువో ఊహించుకుని మళ్ళీ తోశాను.
కదల్లేదు.
ఖాళీ నేల మీద కాసేపు కూర్చున్నాను.
నేనుండే గదిని మూడేళ్ళలో
ఒక్కసారీ ఇలా తోసి చూసుకోలేదు.

ఫోటోలు పంపలేదు. ఫోటోలు ఎవరైనా పంపుతారు.
ఫోను గడియకి ఆనించి
తీశాను, వేశాను.
రెండు సెకన్ల చప్పుడు.
సముద్రం అవతల మూడుసార్లు విన్నదట.
"అమ్మకీ వినిపించాను" అంది.

వేణ్ణీళ్ళ సంగతి అడగడం
ఇద్దరం మర్చిపోయాం.