పట్టూ విడుపూ

బామ్‌ఫీల్డ్ రేవులో ఐసు కొట్టు పక్కన నా బల్ల.
బల్ల మీద మూడు రీళ్ళు.
ఎదురుగా తొమియె హమానిషి, ఎనభై ఒకటో ఏడు,
వాన కోటుకి ఒక గుండీ తేడాతో గుండీలు పెట్టుకుని:
"ఏది మంచిదో చెప్పకు.
ఏది ఎలా వదులుతుందో చూపించు."

పదమూడేళ్ళుగా ఇక్కడ మరలు విప్పుతున్నాను.
ఎంత పట్టుకుంటుందని అడిగినవాళ్ళే అందరూ.

రీలుని బల్ల పట్టకర్రలో బిగించాను.
లైను కొసకి చేపలు తూచే కాటా కట్టి
ఎల్డెన్ చేతికిచ్చాను.
చెక్క వంతెన మీద వెనక్కి వెనక్కి నడవాలి, చేపలాగా.
"ఏ చేపలాగా?" పద్నాలుగేళ్ళవాడి అనుమానం.
"ఇరవై పౌన్ల చినూక్ లాగా."
వాడు బుగ్గలు పూరించాడు.

మొదటిది వెండి రంగుది.
ఒకే అల్యూమినియం దిమ్మెలోంచి చెక్కింది.
లోపల కార్బన్ బిళ్ళలు, అప్పడాల దొంతరలా.
ముల్లు నాలుగు పౌన్ల దగ్గరికెళ్ళి కూర్చుంది.
ఎల్డెన్ నడిచినా కూర్చుంది, పరిగెత్తినా కూర్చుంది,
మంచు మీద జారి వాడే కూర్చున్నా
అది మాత్రం లేవలేదు.

రెండోది నల్లది, గ్రాఫైటు. ధర మూడో వంతు.
ఎన్ని అడుగుల లోతో చెప్పే చిన్న కిటికీ కూడా ఉంది.
ముల్లు ఏడుకి ఎగిరి
గతుక్కుమని నాలుగుకి దిగింది.
ఆగి మళ్ళీ లాగితే, మళ్ళీ ఏడు.
మొండివాడు సరేననే ముందు చేసే రభస.
తెగేదాకా లాగొద్దంటాం గానీ
ఎక్కువ లైన్లు తెగింది లాగుడులో కాదు,
వదలడం మొదలయ్యే ఆ అరక్షణంలో.

మూడోది ఆవిడదే.
గోధుమరంగు బేకలైటు, అంచున పంటి గాటు లాంటి పెచ్చు.
డ్రాగ్ అనేది ఒక కార్కు బిళ్ళ, మిగతాది అరచెయ్యి.
ముల్లు మూడు, అయిదు, రెండు, నాలుగు:
దాని చిత్తం.
"తడిస్తే?" అంది.
మూడింటినీ ఉప్పునీళ్ళ బకెట్లో ముంచాం.
వెండిది ఏమీ ఎరగనట్టే ఉంది.
నల్లది కీచుమంది.
కార్కు మొదట జారి జారి, తర్వాత
ఎవరో పిలిచినట్టు పట్టుకుంది.

హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకే చుట్టు.
ఈ రీళ్ళన్నిటికీ అదే న్యాయం:
చేప పరుగెత్తితే హ్యాండిళ్ళూ వెనక్కి తిరుగుతాయి,
వేళ్ళు తియ్యకపోతే కణుపులు చితుకుతాయి.
చెప్పబోయాను. నా వైపు చూసిందావిడ,
వంటమ్మకి నిప్పు కాలుతుందని చెప్పినవాణ్ణి చూసినట్టు.

వెండిది కొంది. డబ్బంతా నలిగిన నోట్లు.

ఆదివారం అగ్విలార్ మొన దాటి
పడవని పోటుకి వదిలేసిందట.
ఏటవాలుగా కోసిన హెర్రింగు ముక్క
నూరడుగుల లోతులో నెమ్మదిగా బొంగరం తిరుగుతుండగా
లైను బరువెక్కలేదు, తేలికైంది.
చినూక్ ఎరతో సహా పైకి లేస్తోందని
తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.
పిచ్చెత్తినట్టు తిప్పిందట, వదులు తీరేదాకా.
అప్పుడు పరుగు.

సోమవారం పొద్దున నా బల్ల మీద
నాలుగు వేళ్ళు పరిచింది.
నేరేడు పళ్ళ రంగు.
"రీలు వదులుతూనే ఉంది,
ఏ తడబాటూ లేదు, చక్కగా.
నేనే అరచెయ్యి అడ్డం పెట్టాను.
అరవై ఏళ్ళు పెట్టాను కదా."

"చేప?"

"దానికి నా సంగతి తెలీదుగా, వెళ్ళిపోయింది."

కోటు జేబులోంచి గోధుమరంగుది తీసింది.
"దీని కార్కు మార్చు.
మరీ మంచిది వెయ్యకు."
ఎల్డెన్ కాటా పట్టుకుని అప్పటికే
వంతెన మీద వెనక్కి నడుస్తున్నాడు,
ఎవరూ చెప్పకుండానే, బుగ్గలు పూరించి.