చెవిరాళ్ళ లెక్క

ఉత్తరం రాత్రి పదకొండున్నరకి వచ్చింది.
"విచారిస్తున్నాము" అని మొదలు.
మిగతాది చదవకుండా ఫోను బోర్లించి
చినవాల్తేరు మేడ మీదికి బట్టలు తీయడానికి వెళ్ళాను.
ఉప్పుగాలికి ఎంతకీ ఆరని చున్నీ.
దూరంగా కొండమీద లైట్‌హౌస్ దీపం
నన్నొకసారి చూసి
పట్టించుకోకుండా తిరిగిపోయింది.

మూడేళ్ళు.
నాలుగువందల పన్నెండు కానాగంతలు.
ఒక్కోదాని తల చీల్చి, చెవిలోంచి
నువ్వుగింజలో సగముండే రాయి తీసి
అరగదీసి, అద్దం కింద పెట్టి
గీతలు లెక్కపెట్టాను. రోజుకో గీత.
తన జాతకం తానే రాసుకుని
తలలో దాచుకుంటుంది చేప.

మొదటి సమీక్షకుడు మర్యాదస్తుడు.
కామాలు దిద్ది, ఫలానా వారి వ్యాసాలు నాలుగు
తప్పక ఉదహరించమన్నాడు.
ఆ ఫలానా వారు తనే అని తెలుస్తూనే ఉంది.
మూడో ఆయన, లేక ఆవిడ, రాసింది ఒకే వాక్యం:
ఈ భాష పుట్టుకతో వచ్చినవారికి చూపించి దిద్దించండి.
సరే, దిద్దిస్తాను.
కానీ కానాగంత అన్న పేరు పుట్టుకతో వచ్చినవారు
మీ పత్రికలో ఎవరున్నారు, నన్ను దిద్దడానికి?

గొంతులో ముల్లు రెండో సమీక్షకుడు.
పదహారు ప్రశ్నలు. అందులో ఏడోది:
ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా
ఒక్క నమూనా లేదేం?
చూడని కాలం గురించి తీర్మానం ఎలా చేశారు?

జవాబు, మొదటి ప్రతి:
"అయ్యా, తమరెప్పుడైనా విశాఖపట్నం చూశారా?
ఆ రెండు నెలలూ ఇక్కడ వేట నిషేధం.
బోట్లన్నీ హార్బర్లో ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతాయి.
చేపని నేను ఈదుకెళ్ళి పట్టుకోవాలా?"
రెండో ప్రతిలో "అయ్యా" తీసేశాను.
మూడో ప్రతిలో వెటకారం తీసేస్తే
నిషేధం అన్న ముక్కొక్కటే మిగిలింది.
ఎందుకో అది సాకులా వినిపించింది.

శనివారం పెదజాలారిపేటలో
గరికిన నూకరత్నం తట్ట ముందు ఒకాయన
మొప్ప ఎత్తాడు, వేలితో నొక్కాడు, వాసన చూశాడు.
"నిన్నటిదిలా ఉందే?"
నేనైతే కత్తి ఎత్తుదును.
ఆవిడ తలెత్తనైనా లేదు.
"అది నిన్నటిదే బాబూ. ఇది ఇయ్యాల్టిది. సూసుకో.
కొన్నోడు సూడకుండా ఎలా కొంతాడు?"

ఆయన నిన్నటిదే కొన్నాడు, ధర తగ్గించి.

నా గోడు ఆవిడకి చెప్పుకున్నాను.
నిషేధం, రెండు నెలలు, ఏడో ప్రశ్న.
పొలుసులంటిన చేత్తో నుదురు తుడుచుకుని
"ఏటమ్మా నువ్వూ! ఒద్దన్నది మరబోట్లకి గదా.
మా మరిది తెప్పేసుకుని ఎల్తానే ఉంటాడు.
గేలానికి నాలుగైనా పడతాయి.
మూడేళ్ళబట్టీ నా కాడికొత్తన్నావు,
ఒక్కపాలి అడిగినావా?"

లేదు.
చేప చెవిలో రాయి చదివాను గాని
చేప అమ్మే మనిషి నోటిమాట అడగలేదు.
ఎక్కడో మంచుదేశంలో, పేరు చెప్పుకోని ఒకడు
ఆ ఖాళీని వేలితో నొక్కి చూశాడు.

సంపాదకులని గడువు అడిగాను.

ఏప్రిల్ ఇరవై, చీకటితో.
హార్బరు వైపు ఇంజన్ల చప్పుడు లేదు.
ఒక్క తెప్ప ఇసుకెక్కింది.
పదకొండు కానాగంతలు.
రెండింటిని పిల్లి లాక్కుపోతుంటే
మా రీసెర్చ్ స్కాలర్ దాలినాయుడు
ప్యాంటు మడిచి దాని వెంట పరుగు.
ఒకటి దొరికింది, తల లేకుండా.
నాకు కావలసింది తలే.

తొమ్మిది, అయితే.
ఐసు పెట్టెలో సర్ది, తేదీ రాసి,
అక్కడే గట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను:

"ఏడో ప్రశ్నకు జవాబు.
మీరు అడిగింది న్యాయం.
నమూనాలు దొరక్క కాదు, మేము అడగక లేవు."

చివరి వాక్యం వద్దు మేడమ్ అన్నాడు దాలినాయుడు,
అలా ఎవరూ రాయరు.
నిజమే, ఎవరూ రాయరు.
ఇంకా తీయలేదు.